బాటప్రక్క ఫలకములు

క్రిందటి వేసవిలో మా మేనమామగారి యూరినుండి నాకొక కబురు వచ్చినది. ఊరి మొదట నున్న పేరంటాలమ్మ రాయిని బాట వెడల్పు చేయునపుడు పెకలించి చింతచెట్టు క్రిందికి జరిపిరట. ఊరివారు చందాలు వేసికొని దానికి గద్దె కట్టించిరి. ఇక ప్రక్కన నొక నల్లరాతి పలక నిలిపి, దానిపై నాలుగు వాక్యములు చెక్కింపవలెనని వారి సంకల్పము. “పత్రికలకు రాస్తూ ఉంటావు గదరా అబ్బాయీ, ఆ నాలుగు ముక్కలూ రాసి పంపు. రాతికి చోటు తక్కువ. చెక్కేవాడు అక్షరానికి ఇంత అని పుచ్చుకుంటాడు” అని మామయ్య చెప్పెను. నాలుగు వాక్యములే గదా యని యొప్పుకొంటిని. పది నెలలు గడచినవి. ఆ వాక్యము లింకను మామయ్యకు చేరలేదు.

నాలుగు వాక్యములు వ్రాయుట కింత కష్టమేల యయ్యెనో తెలిసికొన గోరి, ఈ పది నెలలలో నేను పోయిన త్రోవలలో నిలిచియున్న ఫలకముల నెల్ల ఆగి చదువుట యలవాటు చేసికొంటిని. అట్లు చదువగా నొక సంగతి మనసునకు తోచినది. పుస్తకమొకటి అచ్చుపడినచో మన పత్రికలు దాని గుణదోషములను తూచి చూచును. నాటకమాడినచో మఱునాడే దానిపై నాలుగు మాటలు వ్రాయుదుము. బాటప్రక్క ఫలకము మాత్రము విమర్శకుని కంటబడుట లేదు. పుస్తకము కొనలేనివాడును, గ్రంథాలయపు గడప త్రొక్కనివాడును బస్సుకొఱకు కాచియుండి చదువుకొను చరిత్ర యదియే గదా! అంతమంది చదువరులు గల రచనకు ఒక్క విమర్శకుడైన లేకపోవుట వింత. కాబట్టి గ్రంథవిమర్శకు మనము వాడు కొలతబద్దనే దీనికిని పెట్టి చూతము. ఎవరినిగూర్చి చెప్పినది? ఎవరికి చెప్పినది? చెప్పవలసిన దేది దాచినది?

మొదట నీలి బల్ల. పురావస్తుశాఖవారి యధీనములో నున్న కోటలయొద్దను, గుళ్లయొద్దను నీలిరంగుపై తెల్లని యక్షరములతో నిలిచియుండు ఈ బల్లను చూడనివా రుండరు. దీనిలో నేమున్నది? ఈ కట్టడము 1958వ సంవత్సరపు చట్టముప్రకారము జాతీయ ప్రాముఖ్యము గలదిగా ప్రకటింపబడినదనియు, దీనిని పాడుచేసినవానికి చెఱయు జుల్మానాయు తప్పవనియు నున్నది. 2010లో సవరణ జరిగిన పిమ్మట చెఱ రెండేండ్లవఱకును, జుల్మానా లక్ష రూపాయలవఱకును పెరిగినవి. శిక్ష యుండవలసినదే; గోడలమీద తమ పేళ్లు గీకు ప్రబుద్ధులకు వేఱు భాష తెలియదు. కాని రచనగా చూచినచో దీనికంటె చిత్రమైన దుండదు. చదువరిని పలుకరించుచునే నేరస్థుని జేయు రచన యిది. “ఇది గొప్పది” యనును. ఏమిటి గొప్ప యన్న చెప్పదు. “ముట్టకు” మనును, ఎందుకన్న చెప్పదు. చిన్నపిల్లవానిని గదిలోనికి రానీయక తలుపుకడ నిలిపి, లోపల నున్నదేమో చెప్పక, “లోనికి వచ్చితివా, దెబ్బలు తినెదవు” అని బెదరించు పెద్దమనిషివలె నుండును.

గొప్ప క్షేత్రములయొద్ద నీ బల్లకు తోడు మఱియొక బల్ల యుండును. అందు చరిత్ర యుండును, నిజమే. ఏ వంశపు రాజు, ఏ శతాబ్దము, ఎన్ని స్తంభములు, ఏ శైలి, అధిష్ఠానముపై నెన్ని పట్టెలు, విమానమునకెన్ని తలములు. అది చదివిన పల్లెవాడు తలయూచి వెడలిపోవును. అతడు తెలివితక్కువవాడై కాదు. ఆ మాటలు శిల్పశాస్త్రము చదివినవారు తమలో తాము చెప్పుకొనునవి. అతనితో చెప్పినవి కావు.

ఇందులకు భిన్నముగా, చదువరి యెవరో యెఱిగి వ్రాసిన ఫలకమొకటి మన దేశముననే యున్నది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి యొకప్పుడు గొప్ప రేవుపట్టణము. అచ్చటి వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము కలదు. దానిని చదువవలసినవాడు సముద్రముమీద వచ్చు వర్తకుడు. అతనికి తెలియవలసిన దొక్కటే: నా యోడ తుపానులో పగిలి యీ తీరమునకు కొట్టుకొని వచ్చినచో నా సరకు నాకు దక్కునా దక్కదా? శాసనము ఆ ప్రశ్నకే బదులు చెప్పుచున్నది. పూర్వపు రాజులు గాలివానకు చిక్కి ఒడ్డునపడిన యోడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలిమిని లాగికొనుచుండిరట. ప్రాణముకంటె ధనమే మిన్నయని సముద్రప్రయాణపు గండమునకు తెగించి వచ్చువారియెడల దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నియమింపబడిన సుంకము తప్ప మఱేమియు పుచ్చుకొనమని గణపతిదేవుడు మాట యిచ్చుచున్నాడు. పిమ్మట చందనమునకును, కర్పూరమునకును, పన్నీటికిని, దంతమునకును, ముత్యములకును, పట్టునకును, మిరియములకును సుంకములు నిర్ణయింపబడినవి.

ఈ రచనలో నాకు నచ్చిన గుణము దయగాదు. దయను చాటుకొన్న రాజులు చాలమంది యున్నారు. రాచఱికము చేయుచు వచ్చిన తప్పును తప్పని ఒప్పుకొని, రాతిమీద చెక్కించి, రేవులో దిగువాని కండ్లకెదురుగా నిలుపుటయే దీని విశేషము. “ఇంతకుముందు మావంటివారు మిమ్ము దోచుకొనిరి” అను మాటతో నారంభమగు ప్రకటనను నేటి ప్రభుత్వములలో దేనియొద్దనైన చూపగలరా? శాసనమునందు వంశస్తోత్రము లేకపోలేదు. ఆ కాలమున రాజు పేరెత్తిన దానిని తప్పించుకొన వలనుపడదు. ఐనను స్తోత్రము దాటినంతనే పనికివచ్చు మాట వచ్చును. కవి పూర్తిచేసినచోట కరణము మొదలుపెట్టినట్లుండును.

ఇక నల్లగొండ జిల్లా నకిరేకలు దగ్గఱి చందుపట్లకు పోదము. రాణి రుద్రమదేవి నెఱుగని తెలుగువాడు లేడు. ఆమెను తండ్రి కుమారునివలె పెంచి రుద్రదేవ మహారాజను పేర రాజ్యమేలించెనని మన యాడపిల్లలకు కథగా చెప్పుకొందుము. కాని ఆమె యెప్పుడు మరణించినదో చరిత్రకారులకు చాలకాలము సరిగా తెలియలేదు. 1295, 1296 ప్రాంతమువఱకు రాజ్యము చేసినదని వ్రాసికొని సరిపెట్టుకొనిరి. చందుపట్లలో నిలిచియున్న యొక రాయి ఆ లెక్కను మార్చినది. అది 1289 నవంబరునాటి శాసనము. పువ్వుల ముమ్మడి యనునతడు, శివలోకమునకేగిన రుద్రమదేవికిని మల్లికార్జున నాయకునికిని పుణ్యము కలుగుటకై, ఊరి సోమనాథదేవునికి భూమి నిచ్చినట్లు దానిపై నున్నది. మల్లికార్జునుడు ఆమె సేనాని. ఇరువురకు నొక్కమాఱే పుణ్యము కోరుటనుబట్టి యిరువురును ఒక్క సమయముననే మరణించియుందురనియు, అప్పటికి ఎదురు తిరిగియున్న కాయస్థ అంబదేవునితోడి యుద్ధమున పడియుందురనియు పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారివంటి పరిశోధకులు ఊహించిరి. అప్పటి కామె వయసుమీఱిన స్త్రీ.

ఆలోచింపుడు. ఓరుగల్లు కోటలో తోరణములు నిలిచినవి. వేయిస్తంభముల గుడి నిలిచినది. రామప్ప శిల్పములను 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వముగా గుర్తించిరి. రాణి మరణవార్త మాత్రము వీనిలో దేనియొద్దను దొరకలేదు. ఈ ముమ్మడి రాజు కాడు. వంశవృక్షముల కెక్కినవాడు కాడు. తన ప్రభువు పోయినాడు, తన రాణి పోయినది. తనకున్నదానిలో కొంత పొలము దేవునికిచ్చి, తేది వేసి, రెండు పేళ్లు చెక్కించెను. దానిలో ఉపమ లేదు, ఉత్ప్రేక్ష లేదు. ఆ తేది యొక్కటియే గొప్ప గ్రంథముల పుటలను దిద్దించినది. గ్రామచరిత్ర దేశచరిత్రకు తోకవంటిదని తలచువారికి నేనీ రాతిని చూపుదును.

ఇట్టి రాళ్ల విలువ తెలిసినవారు మనలో పూర్వమునుండియు నుండిరి. కావలి సోదరులు మెకంజీ దొర కొలువులో నూరూర తిరిగి శాసనములకు నకళ్లు తీసి, కరణములచేత కైఫీయతులు వ్రాయించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923లో చనిపోయిన పిదప ఆయన పేర వెలసిన పరిశోధకమండలివారు 1935లో “తెలంగాణా శాసనములు” ప్రకటించిరి. కాని పుస్తకమున కెక్కిన శాసనము పండితునికి దక్కినది. ఊరిలో రాయి రాయిగనే యుండిపోయినది. దానిని చాకిరేవు బండగా వాడినవారును, గుడిమెట్టుగా పఱచినవారును, సున్నము పూసి అక్షరములు పూడ్చినవారును మనవారే. వారిని నిందింపను. ఈ రాయి నీతాత పొలము సంగతి చెప్పుచున్నదని వారితో నెవరు చెప్పిరి?

మఱియొక రాతిని తడవక విడువజాలను. గుంటూరు జిల్లా తుళ్లూరు మండలములో మల్కాపురమను నూరు కలదు. అచ్చట నందిని మోయుచున్న స్తంభముపై 1261 నాటి దీర్ఘశాసనము కలదు. రుద్రమదేవి మందడ గ్రామమును విశ్వేశ్వరశంభువను శైవాచార్యునికి దానమిచ్చుటయు, ఆయన గుడిని, మఠమును, అన్నసత్రమును, విద్యాశాలను నెలకొల్పుటయు నందు వర్ణింపబడినవి. ఆరోగ్యశాలయు, ప్రసూతిశాలయు నందు పేర్కొనబడినవి! సత్రములో బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు వచ్చినవారి కెల్ల అన్నము పెట్టవలెనని యున్నది. ఆ దానములలో చేరిన వెలగపూడిలోనే నేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు సచివాలయము నిలిచియున్నది. దినదినము వందలకొలది కార్లు ఆ బాటను పోవుచుండును. అందున్నవారిలో నెందఱు ఏడువందల యేండ్లకు ముందే ఈ పొలములపై పురిటింటికి ఏర్పాటు జరిగినదని యెఱుగుదురు?

ఐతే మురిసిపోవుటకు ముందు విమర్శకుని కన్ను మూసికొనరాదు. అన్నము చండాలునివఱకు పెట్టిరి. భూమి మాత్రము అందఱకు పంచలేదు. అగ్రహారము లెవరికి చేరెనో పేళ్లతో సహా తెలియును. ఆ నేలను దున్నినవాడెవడు, పురిటింట మంత్రసాని యెవతె, సత్రములో నూఱు బస్తాల వడ్లు దంచినదెవరు — ఇవి రాతి కెక్కలేదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో “ఆంధ్రుల సాంఘిక చరిత్ర”ను ప్రకటించినపుడు రాజుల చరిత్రయే చరిత్రగాదని నొక్కి చెప్పవలసి వచ్చినది ఇందువలననే.

ఈ లోపమును పూర్వులకు మన్నింపవచ్చును. నేటి మన ఫలకముల నేమని మన్నింతుము? వంతెనయో, పాఠశాలయో, నీళ్లతొట్టియో కట్టినచోట నొక పాలరాయి తప్పక యుండును. పైన ముఖ్యులవారి పేరు పెద్ద యక్షరములతో, దానిక్రింద రెండవవారు కొంచెము చిన్న యక్షరములతో, ఆ క్రింద నింకను చిన్న యక్షరములతో అధ్యక్షులు, సభ్యులు, అధికారులు. నేత్రవైద్యుడు గోడకు వ్రేలాడదీయు అక్షరపటమువలె దిగిపోవుచుండును. నేనొక యూరిలో ఇట్టి ఫలకమునందు పదునాఱు పేళ్లు లెక్కించితిని. ఆ కట్టడమేమిటో, ఎందులకో ఒక్క మాటయు లేదు. వెనుకకు పోయి చూడగా నది పశువైద్యశాల! ఏ తాపీమేస్త్రి పేరును, ఏ కూలిపేరును, చోటిచ్చిన రైతు పేరును లేదు. ముమ్మడి రాతిలో దానమిచ్చినవాని పేరుతోపాటు ఇచ్చినదేమో యుండెను. మన పాలరాతిలో నిచ్చినదేమో మాయమై పేళ్లు మాత్రము మిగిలినవి. ఏడు శతాబ్దములలో మన ఫలకరచన సాధించిన యభివృద్ధి యిది.

పేళ్ల సంగతి వచ్చినది గనుక హైదరాబాదులోని ట్యాంకుబండును తలపకుండ నుండజాలను. 1986లో ఆ కట్టపై తెలుగు మహనీయుల విగ్రహములు వరుసగా నిలుపబడినవి. క్రింద పేళ్లు, పరిచయములు. సాయంకాలము షికారుకు పోయినవారికి నడచుచునే చరిత్ర చదువుకొను వసతి యది, ఉద్దేశము మంచిది. కాని వరుసలో తెలంగాణమువా రెందఱని లెక్కించిన వారికి కోపము వచ్చెను. 2011 మార్చి 10వ తేదిని ఉద్యమకారులు పెక్కు విగ్రహములను పడగొట్టిరి. పిమ్మట నవి మరల నిలుపబడినవి. కవులేమి పాపము చేసిరని నాకు నాడు దుఃఖము కలిగినది, నేటికిని కలుగుచున్నది. ఐనను బాటప్రక్క చరిత్ర నెవరును చదువరని యనుకొనువారి కది సమాధానము. చదువుదురు. తమ పేరు లేదని కనిపెట్టువఱకు చదువుదురు. తరువాత కొమురం భీము విగ్రహమును ఆ కట్టపై నిలిచినది.

అక్షరమేలేని ఫలకములును కలవు. పల్నాటి కారెంపూడిలో వీరుల గుడి యున్నది. పండ్రెండవ శతాబ్దపు పల్నాటి యుద్ధములో మడిసినవారికి గుర్తుగా లింగాకారపు రాళ్లు నిలిపియున్నారు. కార్తిక మాసపు అమావాస్యనాడు మొదలై అయిదు దినము లుత్సవము జరుగును. వీరులవని చెప్పుకొను ఆయుధములను ఊరూరినుండి తెచ్చి పూజింతురు. మాల కులములోని విద్యావంతులను గాయకులు వీరగాథను పాడుదురు. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిన చాపకూటి కథయు, మాల కన్నమదాసు సేనలో ముందునిలిచిన కథయు వారి నోటనే జీవించియున్నవి. ఆ రాళ్లమీద నొక్క యక్షరము లేదు. ఐనను ఈ రాయి యెవరిదని యడిగినచో పసులకాపరి పిల్లవాడును చెప్పును. నాగమ్మనుగూర్చి యడుగుడు, తగవుపడుటకు నలుగురు సిద్ధముగ నుందురు. ఎనిమిది వందల యేండ్లనాటి మంత్రిణిపై వాదులాడు ఊరికి నీలి బల్ల యేమి నేర్పగలదు? రాయి పాటకు గుర్తు. పాట రాతికి వ్యాఖ్య. పాట ఆగిపోయిన యూరిలోనే ఫలకము పని పడును.

మా మామయ్య యూరిలో పాట ఆగిపోయినది. ఆ సంగతికే వచ్చుచున్నాను.

ఆ రాతిపై నొక పురుషుడు కత్తి పట్టి నిలిచియున్నాడు. అతని ప్రక్కన స్త్రీ. పైన సూర్యచంద్రులు. స్త్రీ కుడిచేయి మోచేతికడ వంగి పైకెత్తబడియున్నది, చేతినిండ గాజులు. దక్కనునం దంతటను కనబడు గుర్తు లివి. భర్తతో చితి నెక్కిన స్త్రీకి గాజులు చిట్లలేదని, ఐదువతనము చెడలేదని ఆ చేయి చెప్పుచుండును. సూర్యచంద్రు లున్నంతకాల మీ కీర్తి నిలుచునని పైగుర్తులు చెప్పును. వీరునికి గౌరవము, స్త్రీకి పూజ. మా చిన్నతనమున పెండ్లికూతురిని అక్కడికి తీసికొనిపోయి పసుపుకుంకుమలు పెట్టించుచుండిరి. మా అమ్మకును పెట్టించిరి. మా అత్తయ్య యిప్పటికిని శుక్రవారము పోయి దీపము పెట్టి వచ్చును.

ఊరివారు నాకు వ్రాసి పంపిన నమూనాలో నిట్లున్నది: ఈ పతివ్రత తన భర్త యుద్ధములో మరణింపగా సంతోషముతో నగ్నిప్రవేశము చేసి మన గ్రామమునకు కీర్తి తెచ్చినది. నేనా వాక్యమును పలుమాఱులు చదివితిని. వ్యాకరణము సరిగానే యున్నది. “సంతోషముతో” నను మాటకడకు వచ్చుసరికి నా కలము సాగలేదు. చూచినదెవరు?

ఇట్టి ఫలకములలో మిక్కిలి పురాతనమైనది మధ్యప్రదేశములోని ఎరణ్‌లో నున్నది. అది 510వ సంవత్సరమునాటిది. భానుగుప్తుడను రాజు పేరున్నది. అతని పక్షమున పోరి పడిన గోపరాజు పేరున్నది. గోపరాజు భార్య భర్తను విడువక అగ్నిలోనికి వెంబడించినదని యున్నది. భక్తురాలనియు, ప్రియురాలనియు, సుందరియనియు నామెకు విశేషణములు కూడ నున్నవి. పేరు మాత్రము లేదు. పదునైదు వందల యేండ్లుగా నామె విశేషణములతోనే బ్రతుకుచున్నది. మా యూరి రాతిలో విశేషణములును లేవు. ఎత్తిన చేయి మాత్రమే యున్నది.

నేను మామయ్యతో మాటలాడితిని. 1829 డిసెంబరులో బెంగాలునను, 1830లో మదరాసు రాజధానియందును ఈ యాచారము నిషేధింపబడినదనియు, 1987లో రాజస్థానమునందలి దేవరాలలో జరిగిన ఘోరము పిమ్మట వచ్చిన చట్టము సహగమనమును పొగడుటనే నేరముగా జేసినదనియు, అది యేనాడు జరిగిన సహగమనమైనను దాని కీర్తి నిలుపుటకు చందాలు వసూలుచేయుట, గుడికట్టుట ఆ పొగడ్తలోనికే వచ్చుననియు చెప్పితిని. మామయ్య కొంతసేపు మాటలాడలేదు. “గద్దె కట్టేశాం గదరా” అనెను.

మా మేనమామ కొడుకు పట్టణమున చదువుకొన్నవాడు. ఆ రాతిని చెఱువులో పడవేయుటయే మేలని యతని వాదము. పడవేయవలసిన శిలలు లేకపోలేదు. 1857లో క్రూరముగ ప్రవర్తించిన నీలు దొర విగ్రహము మదరాసు మౌంటురోడ్డున నిలువగా, దానిని తీసివేయుమని 1927లో మనవారు సత్యాగ్రహము చేసి చెఱలకు పోయిరి. 1937లో దానిని వస్తుప్రదర్శనశాలకు తరలించిరి. అది న్యాయము. అతడు చంపినవాడు. ఈ రాతిపై నున్నది చచ్చినది. చంపినవానిని వీధినుండి తొలగింపవచ్చును. చచ్చినదానిని చెఱువులో ముంచినచో నా యూరిలో నామె యుండెననుటకుగూడ సాక్ష్యము మిగులదు. మా అత్తయ్య పెట్టు దీపమును నేను పరిహసింపలేను. ఆమె దీపము పెట్టునది అగ్నికి కాదు, ఆ స్త్రీకి. ఊరిలో పాతకాలపు ఆడుదాని గుర్తు ఇంకొకటి యేదైన నున్నచో నక్కడ పెట్టియుండును.

కావున రాయి యుండవలెను, వ్రాత మారవలెను. గద్దెను గుడి కానీయక, పూజాఫలకమును చరిత్రఫలకముగా జేయవలెను. మోటుపల్లి రాతినుండి తప్పు నొప్పుకొను ధైర్యమును, చందుపట్ల రాతినుండి మితభాషిత్వమును ఎరువు తెచ్చుకొని, ఎన్నోమాఱులు కొట్టివేసిన పిమ్మట నేను వ్రాసినది యిది:

“ఈ రాతిపై నున్న వీరుని పేరును, ఈ స్త్రీ పేరును మనకు తెలియవు. ఎత్తిన చేతిని, గాజులను బట్టి యీమె భర్త చితిపై కాలి మరణించినదని తెలియుచున్నది. ఆమె యిష్టమేమో ఎవరును వ్రాసియుంచలేదు. ఈ యాచారమును 1830లో చట్టము మాన్పించినది. ఈ యూరి స్త్రీల జ్ఞాపకార్థము ఈ రాయిని కాపాడుచున్నాము.”

వాక్యములు అయిదే. చెక్కువాని లెక్కకు సరిపోవును. గ్రామములో పెద్దలు కూర్చుండి దీనిని చదివించుకొనిరట. మొదటి వాక్యమున కెవరును అడ్డు చెప్పలేదు. నాలుగవదానిలో చట్టము మాట వలదని కొందఱనగా, చట్టము మాట యున్నచో కేసులుండవని కరణీకము చేసిన వంశపు పెద్దాయన సర్దిచెప్పెను. రెండవ వాక్యములో “కాలి మరణించినది” యనుటకు బదులు “అగ్నిప్రవేశము చేసినది” యనుమని పట్టుపట్టిరి. మూడవ వాక్యమును తీసివేయుమనిరి. అది రాతిమీద వ్రాయదగిన మాట కాదట.

నేను రెండవదానికి కొంత లొంగుదునేమో గాని మూడవదానిని వదలనని చెప్పి పంపితిని. నిన్న అత్తయ్య తానుగా ఫోను చేసినది. ఇన్నాళ్లలో నీ విషయమున నామె నోరు విప్పుట యిదియే మొదలు. “నీ మామయ్యగారు నీ కాగితం చదివి వినిపించారు నాయనా. ఆ మూడో ముక్క ఉండనీ. చెక్కేవాడి కూలి దానికి ఎంతవుతుందో కనుక్కో, అది నేనిస్తాను” అనెను. పెద్దలు వచ్చు పున్నమకు మరల కూడుదురట.